బండి తీసే ముందు పద్దు చూసుకోండి

బెంగళూరులో తెలుగు ట్రావెల్స్, లాడ్జి, హోమ్‌స్టే నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వెనకాల గోడకానుకుని మా డ్రైవర్ తమ్ముళ్ళు నిలబడ్డారు. తమ్ముళ్ళూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈరోజు నేను చెప్పేదాంట్లో సగం మీ గురించే.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఒకాయన అడిగాడు, "కరోనా సంగతి ఇప్పుడెందుకన్నా, ఐదేళ్ళు దాటిపోయింది కదా" అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది, నిజమే. మన బాకీలు ఆ తేదీకి ముగియలేదు. 2021లో ఆరేళ్ళ గడువుతో తీసుకున్న అప్పును ఇంకా కడుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అదీ కాక, అప్పుడు మనం పడ్డ పాట్లలో మహమ్మారి తెచ్చినవి కొన్ని, మన పద్దు సరిగ్గా లేక వచ్చినవి కొన్ని. మొదటివి మన చేతిలో లేవు. రెండోవాటి గురించే ఈరోజు చెబుతాను.

2020లో ఉగాది ఏ రోజొచ్చిందో గుర్తుందా? మార్చి 25. దేశమంతా తాళం పడిన మొదటి రోజు అదే. తిరుమలలో భక్తుల దర్శనం అంతకు ఐదు రోజుల ముందే, మార్చి 20న ఆపేశారు. నాకప్పుడు నాలుగు టెంపో ట్రావెలర్లు, రెండు కార్లు. ఉగాది వారం మొత్తం తిరుపతి బుకింగులే. అడ్వాన్సులు లక్షా ఎనభై ఆరు వేలు వసూలయ్యాయి. ఆ డబ్బు చేతిలో ఉందా? లేదు. రెండు బండ్లకు టైర్లు వేయించాను, ఒకదానికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాను, ఇన్సూరెన్సు కట్టాను. మనందరం చేసే పనే. వచ్చే ట్రిప్పు అడ్వాన్సుతో పోయిన ట్రిప్పు అప్పు తీరుస్తాం. బండి తిరుగుతున్నంత కాలం అది తప్పని కూడా అనిపించదు.

మా ఇంటావిడ ఒక బౌండు పుస్తకం తీసి, అడ్వాన్సు ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు, ఫోను నంబరు, ఎంత, ఏ తేదీన ఇచ్చారు, ఇవన్నీ రాసింది. రాసి, వాళ్ళు ఫోన్ చేసి అడిగేలోపు తనే ఒక్కొక్కరికీ చేసింది. "మీ డబ్బు మా దగ్గర భద్రంగా ఉంది" అనలేదు, ఎందుకంటే లేదు కాబట్టి. "మీ డబ్బు మేము బాకీ ఉన్నాం. నెలకింత చొప్పున ఇస్తాం, లేదా ట్రిప్పు జరుపుకుంటామంటే రాసిస్తాం, ఏది కావాలో చెప్పండి" అంది. నలభై మూడు ఫోన్లు. నలుగురు తిట్టారు. మిగతావాళ్ళు విన్నారు.

కేఆర్ పురంలో ఉండే ఒక పెద్దావిడ, వాళ్ళది కడప, ఆరుగురికి ఏడున్నర వేలు ఇచ్చింది. "ఉంచు తల్లీ, స్వామి తలుపు తీసినాక తీసుకుపోదురులే" అంది. జూన్ 11న తిరుమల తెరిచారు. అదే రోజు ఆవిడ ఫోను. నేను సంతోషంగా సరేనన్నాను. పెట్టేశాక నిబంధనలు చదివితే, 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, పదేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం లేదు. ఆవిడకు అరవై ఎనిమిది. ఆరుగురిలో ఇద్దరు మనవలు. అంటే ఆ బుకింగులో సగంమంది వెళ్ళడానికే లేదు. తర్వాత ఇంకొకటి తెలిసింది. ఆంధ్రాలోకి పోవడానికి పాస్ కావాలి, తిరిగి బెంగళూరు వచ్చాక కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైటు సేవాసింధులో పేరు నమోదు చేసుకుని పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి. ఒక్కరోజు దర్శనానికి రెండు వారాల సెలవు ఎవరు పెడతారు? కర్ణాటకలో ఆ నిబంధన ఆగస్టు 24న తీసేశారు. అంటే గుడి తెరిచిన రెండున్నర నెలలకు గానీ మన దారి తెరుచుకోలేదు.

ఇది ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, మళ్ళీ ఎప్పుడైనా ఇలాంటిది వస్తే, ఫలానా చోటు తెరిచారని వార్త చూడగానే వాట్సాప్‌లో ప్యాకేజీ పెట్టేయకండి. నాలుగు చోట్ల నిబంధన చూడాలి. బయలుదేరే రాష్ట్రంలో, దాటే సరిహద్దులో, చేరే చోట, తిరిగొచ్చాక ఇంటి దగ్గర. నాలుగో దాన్ని మనం మరిచిపోతాం, ప్యాసింజరు మరవడు. హంపిలాంటి పురావస్తు శాఖ కట్టడాలు 2020 జూలై 6 నుంచి తెరవచ్చన్నారు. టికెట్ మాత్రం ఆన్‌లైన్‌లోనే, లోపలికి ఇంతమందినే అన్న లెక్క. కౌంటరు దగ్గర కొనుక్కోవచ్చులే అని బండి నిండా జనాన్ని తీసుకెళ్ళిన ఒక మిత్రుడు గేటు నుంచే వెనక్కి తెచ్చాడు. డీజిలు ఆయనది, మాట పడిందీ ఆయనే.

ఆ పెద్దావిడ సంగతి ముగించి ముందుకు పోతాను, లేకపోతే మీరు అదే ఆలోచిస్తారు. డబ్బు వెనక్కి ఇస్తామన్నాం, వద్దంది. పెద్దవాళ్ళ మీద ఆంక్ష తీశాక వెళ్ళొచ్చింది. మా పుస్తకంలో ఆవిడ పద్దు పక్కన ఇంటావిడ ఎర్ర సిరాతో "చెల్లు" అని రాసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

విమాన టికెట్లు అమ్మేవాళ్ళకు ఒక మాట. సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పులో, లాక్‌డౌన్ రోజుల్లోనే, ఆ రోజుల ప్రయాణానికే కొన్న టికెట్లకు మొత్తం డబ్బు వెంటనే తిరిగివ్వాలని, అంతకుముందు కొన్నవాటికి ఎయిర్‌లైన్స్ ఇబ్బందుల్లో ఉంటే 2021 మార్చి 31 వరకు క్రెడిట్‌గా, అంటే తర్వాతి ప్రయాణానికి జమగా, ఉంచవచ్చని చెప్పింది. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టయితే ఆ డబ్బు ఏజెంటు ద్వారానే వెనక్కి వస్తుంది. అప్పుడు చాలామంది ఏజెంట్లు ఏ టికెట్టు ఏ తేదీన చేశారో తేల్చలేక నెలల తరబడి నలిగిపోయారు. అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టి ఉంటే, తిరిగిచ్చేటప్పుడు రిఫండ్ వోచరు రాయాలి. మీ ఆడిటరును అడగండి, దాని మీద ఇంతకన్నా చెప్పను.

ఇక తెరిచే సంగతి.

2020 జూన్ 4న కేంద్ర ఆరోగ్య శాఖ హోటళ్ళకు, రెస్టారెంట్లకు, మాల్స్‌కు, ప్రార్థనా స్థలాలకు విడివిడిగా నిబంధనలు ఇచ్చింది. 8వ తేదీ నుంచి తెరవచ్చన్నారు. నేను కూడా ప్రింటు తీసి ఆఫీసు గోడకు అంటించాను. అందులో మనకు కనబడిందేమిటి? నుదుటికి పెట్టే థర్మల్ గన్ను, శానిటైజరు సీసా, ఆరడుగుల గుండ్రాలు. అదే కాగితంలో ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలని, తేమ 40 నుంచి 70 శాతం ఉండాలని, బయటిగాలి వీలైనంత లోపలికి రావాలని రాసి ఉంది. ఆ వాక్యం మీద నాకు చూపే ఆగలేదు.

నేనేం చేశానంటే పొగ మిషను కొన్నాను. ప్రతి ట్రిప్పు ముందూ బండంతా బ్లీచింగ్ మందు కొట్టించాను. రెండు నెలల్లో సీటు పట్టాలు తుప్పు పట్టాయి, రెక్సిను తెల్లగా మచ్చలు తేలింది. ఒక శాతం హైపోక్లోరైటు నేలకు, బాత్రూముకు మంచిదే. ఇనుముకు కాదు, దానికి 70 శాతం ఆల్కహాలుతో తుడవమని ఆరోగ్య శాఖే చెప్పింది. మనుషుల మీద చల్లవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. అయినా ఎన్ని లాడ్జిల గుమ్మాల్లో మనుషుల్ని నిలబెట్టి మందు చల్లారో మీకందరికీ తెలుసు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్లో లెక్కకట్టి చెప్పింది, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికన్నా తక్కువని. ముప్పు ఎక్కువున్నది గాలిలో. మూసిన అద్దాల వెనక, తిప్పి తిప్పి అదే గాలి వదిలే ఏసీ కింద, ఆరు గంటల ప్రయాణంలో.

అందుకే 2021లో రెండోసారి తెరిచినప్పుడు మేం పద్ధతి మార్చాం. ఏసీ వేసినా బయటిగాలి మీట తెరిచే ఉంచడం. ముందు ఎడమ అద్దం, వెనక కుడి అద్దం నాలుగు వేళ్ళంత దించి పెట్టడం, అలా ఎదురుబొదురుగా తెరిస్తేనే గాలి బండిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ముళబాగిలులో దోసెలకు ఆపినప్పుడు తలుపులన్నీ బార్లా తీసి పెట్టడం. దీనికి రూపాయి ఖర్చు లేదు. పొగ మిషనుకు పెట్టిన డబ్బుతో డ్రైవర్లకు నెల జీతం వచ్చేది. లాడ్జిల వాళ్ళకు కూడా ఇదే. ఒక మనిషికి సెకనుకు పది లీటర్ల కొత్త గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో చెప్పిన లెక్క. మీ డైనింగు హాల్లో ఎగ్జాస్ట్ ఫ్యాను మీద ఎంత గాలి లాగుతుందో రాసి ఉంటుంది, దాన్ని కుర్చీలతో భాగించి చూడండి. గాలి పోయే దారి ఉంటే చాలదు, వచ్చే దారి కూడా ఉండాలి.

ఇంకొకటి మా బావ లాడ్జిలో చూసింది. మెజెస్టిక్ దగ్గర ఇరవై రెండు గదులు. నెలల తర్వాత తాళం తీసి రెండో అంతస్తులో కుళాయి తిప్పితే మొదట గాలి బుసకొట్టింది, తర్వాత టీ డికాషన్ రంగు నీళ్ళు, పాచి వాసన. రంగు పోయేదాకా వదిలేసి గది అద్దెకిచ్చేద్దామన్నాడు బావ. నిలవున్న గోరువెచ్చని నీళ్ళలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. షవరు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. కరోనా నుంచి కాపాడతామని రప్పించి ఇంకో జబ్బు అంటించడమా? ట్యాంకులు కడిగించి, క్లోరిన్ వేయించి, గీజర్లు 60 డిగ్రీలకు పెట్టి, గది గదికీ కుళాయిలు వదిలాం. వదిలేటప్పుడు షవరు తల విప్పేసి, కిటికీ తెరిచి, వదిలిన మనిషి మాస్కుతో బయట నిలబడాలి. వారం పైన ఖాళీగా ఉన్న ఏ గదికైనా ఈ పని అవసరమే, మహమ్మారి లేకపోయినా.

బండ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. హోసకోటె దగ్గర సైటులో ఏడు నెలలు నిలబెట్టిన నా బండిలో ఎలుకలు వెనక సీటు దూదిలో పిల్లలు పెట్టాయి. వైరింగు మొత్తం కొరికేశాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పెట్టండి, వారానికొకసారి బండిని నాలుగు గజాలైనా కదిలించండి, బ్రేకు పట్టేసి ఉంటే మొదటి ట్రిప్పుకు ఘాట్ రోడ్డు పెట్టుకోవద్దు.

తెరవాలా వద్దా అనేదానికి మాత్రం లెక్క కావాలి, ధైర్యం సరిపోదు. ఉదాహరణకు తిరుపతి ట్రిప్పుకు డీజిలు, టోలు, పర్మిటు, బత్తా అన్నీ కలిపి తొమ్మిది వేలు అనుకోండి. పన్నెండు మందైతే తలకు 750. సగం సీట్లే నింపాలంటే ఆరుగురు, తలకు 1500. టోలు గేటు సగం సీట్లని సగం టోలు తీసుకోదు. "ముందు రోడ్డెక్కితే గిరాకీ అదే వస్తుంది" అని 2020 సెప్టెంబరులో నేను తలకు 900కు తిప్పాను. ప్రతి ట్రిప్పుకూ మూడువేల ఆరువందలు చేతి నుంచి పోయింది. పదకొండు ట్రిప్పుల తర్వాత గానీ కూర్చుని లెక్క కూడలేదు. 2022 జనవరిలో ఒమిక్రాన్‌కు వారాంతపు కర్ఫ్యూ పెట్టినప్పుడు, సంక్రాంతి బుకింగులున్నా, ఆ అనుభవంతోనే రెండు బండ్లు బయటకు తీయలేదు.

ఇప్పుడు సాయం సంగతి. మనకు ఎవరూ ఏమీ చేయలేదని చాలామంది అంటారు. ఆ కోపం నాకూ ఉండేది. కూర్చుని ఒక్కొక్కటీ చూశాక నాకు అర్థమైంది వేరు.

మొదట వాయిదా. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు ఈఎంఐ కట్టక్కర్లేదని రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది. వడ్డీ ఆగలేదు. పది లక్షల అప్పు, 12 శాతం వడ్డీ అయితే నెలకు పదివేలు, ఆరు నెలలకు అరవై వేలు అసలు నెత్తిన చేరింది. వడ్డీ మీద వడ్డీ వేయకూడదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పింది, అంతవరకే ఊరట. మాఫీ అయిందనుకుని ఏడో నెలలో ఫైనాన్స్ వాళ్ళు బండి తీసుకుపోతుంటే బిక్కమొహం వేసినవాళ్ళను నేను చూశాను.

తర్వాత ప్రభుత్వ హామీతో అత్యవసర రుణం. 2020 మేలో మొదలైంది, 2021 మార్చి 31న హోటళ్ళకు, ట్రావెల్స్‌కు, టూరిజానికి విడిగా విస్తరించారు. పాత అప్పులో 40 శాతం వరకు కొత్తగా ఇచ్చారు, ఆరేళ్ళ గడువు, మొదటి రెండేళ్ళు అసలు సొమ్ము కట్టక్కర్లేదన్నారు. మంచి పథకమే. నేను తీసుకున్నాను, నా రెండు బండ్లు దానివల్లే మిగిలాయి. మరి మా బావ? ఆయనకు పైసా అప్పు లేదు. జన్మలో బ్యాంకు గడప తొక్కలేదని గర్వంగా చెప్పేవాడు. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 40 శాతం అన్నారు. బాకీ సున్నా అయితే 40 శాతం కూడా సున్నా. ఆ రాత్రి బావ నా ఆఫీసులో కూర్చుని, "అప్పు చేయకుండా బతకడం తప్పా రా" అని అడిగిన మాట నేను మరచిపోలేను. చివరికి బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అప్పు చేయమని నేనెవరికీ చెప్పను. కానీ బ్యాంకులో చిన్న ఓవర్‌డ్రాఫ్టు అయినా పెట్టుకుని, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు చేయించుకుని, ఏటా లెక్కలు దాఖలు చేసి ఉంచుకోండి. ఆపద వచ్చినరోజు బ్యాంకు మీ ముఖం చూడదు, మీ ఫైలు చూస్తుంది.

2021 జూన్ 28న ఇంకో పథకం ప్రకటించారు. ట్రావెల్, టూర్ ఆపరేటర్లకు పది లక్షల వరకు, గైడ్లకు లక్ష వరకు, తాకట్టు లేదు, ప్రాసెసింగ్ ఫీజు లేదు, నూటికి నూరు శాతం ప్రభుత్వ హామీ. ఇంతకన్నా ఏం కావాలి? షరతు ఒక్కటే. ఆపరేటరయితే కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఉండాలి, గైడయితే కేంద్రమో రాష్ట్రమో గుర్తించి ఉండాలి. గైడ్లు పదివేల ఏడువందల మంది, ఆపరేటర్లు సుమారు వెయ్యి మంది అని అప్పుడు చెప్పిన లెక్క. వెయ్యి! దేశం మొత్తం మీద! ఒక్క కళాసిపాళ్యంలో ట్రావెల్స్ బోర్డులు లెక్కపెట్టినా ఎన్ని తేలతాయి? పర్యాటకం మీద బతికేవాళ్ళలో 2020 ఏప్రిల్ నుంచి జూన్ మధ్య 1.45 కోట్ల మంది ఉపాధి పోయిందని పర్యాటక శాఖ కోసం చేసిన అధ్యయనం చెప్పింది. కోటీ నలభై ఐదు లక్షల మంది ఒడ్డున నిలబడితే, పడవలో చోటున్నది కొన్ని వేలమందికి.

ఇందులో నా తప్పు కూడా చెప్పుకోవాలి. దానికోసమే ఈరోజు వచ్చాను.

2020 మే 6న కర్ణాటక ప్రభుత్వం ఆటో, టాక్సీ డ్రైవర్లకు తలా ఐదువేలు ప్రకటించింది. సేవాసింధులో దరఖాస్తు పెట్టాలి. నా కారు నడిపే కుర్రాడు మదనపల్లెవాడు. ఏడేళ్ళుగా నా దగ్గర చేస్తున్నాడు. లైసెన్సు ఆంధ్రాది, ఆధార్ మీద చిరునామా మదనపల్లెది, బ్యాంకు ఖాతా వాళ్ళూరిది. జీతం నేను చేతికిచ్చేవాణ్ణి, రసీదు లేదు, నియామక పత్రం లేదు. ట్రిప్ షీట్ల మీద కూడా నా సంతకమే. ఏడేళ్ళు బెంగళూరు రోడ్ల మీద బండి నడిపిన మనిషి, బెంగళూరులో ఉన్నాడని చూపించే కాగితం ఒక్కటీ లేదు. దరఖాస్తు ముందుకు పోలేదు. నేను రెండు నెలలు సగం జీతం ఇచ్చాను, మూడో నెల ఇవ్వలేకపోయాను. వాడు ఊరికి వెళ్ళి టమాటా మార్కెట్లో బాక్సులు మోశాడు. మరుసటి ఏడాది రెండో దఫా మూడువేలు ప్రకటించినప్పుడు మ్యాక్సీక్యాబ్ డ్రైవర్లను కూడా చేర్చారు. అప్పటికీ నేను వాడి కాగితాలు చేయించలేదు. ఏడాది గడువు దొరికినా చేయించలేదు. నా బండ్ల ఎఫ్‌సీ తేదీలు నాకు నోటికొచ్చు. వాడి లైసెన్సు చిరునామా మార్పించాలన్న సంగతి నాకు తట్టలేదు.

అడ్వాన్సు ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ మా ఇంటి పుస్తకంలో ఉన్నాయని గొప్పగా చెప్పాను కదా. డ్రైవర్ల పేర్లు అందులో లేవు.

ఇప్పుడున్నాయి. ఆరుగురికీ నియామక పత్రం ఇచ్చాను. జీతం బ్యాంకులో వేస్తున్నాను. ట్రిప్ షీటు మీద నడిపినవాడి పేరు, సంతకం ఉంటాయి, నకలు వాడికీ ఇస్తాను. అసంఘటిత కార్మికులకు కేంద్రం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ తెరిచింది. పదహారు నుంచి యాభై తొమ్మిదేళ్ళ లోపు, పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్ళెవరైనా నమోదు చేసుకోవచ్చు. డ్రైవరు, క్లీనరు, లాడ్జి రూమ్‌బాయ్, హోమ్‌స్టేలో వంట చేసే అక్క, అందరూ. పన్నెండంకెల నంబరు వస్తుంది, ఊరు మారినా అదే నంబరు. రేపు ఏ సాయం వస్తుందో నాకు తెలియదు, కానీ జాబితా అడిగిన రోజు ఆ నంబరు చూపించవచ్చు.

వెనక బల్ల దగ్గర మా అమ్మాయి ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం ఉంటే చాలు. ఆధార్‌కు లింకైన ఫోను చేతిలో పెట్టుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. లింకు లేనివాళ్ళ పేర్లు విడిగా రాసుకుంటాం, ఆదివారం అందర్నీ కలిపి ఆధార్ కేంద్రానికి మా బండిలోనే తీసుకెళ్తాను. ఓనర్లు ఉద్యం గురించి అడగాలంటే భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. ముందు డ్రైవర్లను పంపండి, సాయంత్రం ట్రిప్పులున్నవాళ్ళు తొందరగా వెళ్ళాలి.